తొమ్మిదో టేబులుకి మూడు టిప్పులు

లక్సర్ నుంచి అస్వాన్ దాకా నైలు మీద తిరిగే పడవలో పంతొమ్మిదేళ్ళుగా వడ్డన చేస్తున్నాను. సూప్‌లో ఈగ పడిందని ఏడ్చినవాళ్ళను చూశాను, ఈగ పడలేదని తెలిసినా ఏడ్చినవాళ్ళను చూశాను. ఎడ్ఫూ గుడికి వెళ్తూ టిఫిన్ల దగ్గర నుంచి పద్దెనిమిది కోడిగుడ్లు హ్యాండ్‌బ్యాగులో వేసుకెళ్ళిన ఇల్లాలిని చూశాను. ఇంక ఈ దర్దీరీని ఎవరూ ఆశ్చర్యపరచలేరని అనుకునేవాణ్ణి. కిందటి జనవరిలో, బడులకు సెలవులిచ్చినప్పుడు, ఉత్తరాన డెల్టాలోని తాంతా ఊరి నుంచి పదకొండు మంది కుటుంబం వచ్చి ఆ పొగరంతా దించేసి వెళ్ళింది.

మా పడవలో మొదటి రోజు మధ్యాహ్నం ఏ టేబుల్ దగ్గర కూర్చుంటే, అయిదో రోజు పొద్దున్న దిగిపోయేదాకా అదే టేబుల్. అందుకే ఆ మొదటి భోజనానికి జనం రైల్లో సీటు కోసం వచ్చినట్టు పరుగెత్తుకొస్తారు. కిటికీ పక్కన కావాలి, ఐస్‌క్రీముకి దగ్గరలో కావాలి, అత్తగారికి దూరంగా కావాలి. ఎవరి గోల వాళ్ళది. ఫారిన్ వాళ్ళు టిప్పు ఆఖరి రోజు ఇస్తారు, మనం పని ఎలా చేశామో చూసి. మా ఈజిప్టు వాళ్ళు మొదటి రోజే ఇస్తారు, పని ఎలా చెయ్యాలో చెప్పి.

ఎవరు ఎప్పుడు ఇచ్చినా ఆ డబ్బు జేబులోకి పోకూడదు. రిసెప్షన్ దగ్గర తాళం వేసిన చెక్క పెట్టె ఉంటుంది, అందులో వెయ్యాలి. ఆఖరి రోజు అందరి ముందూ తెరిచి పంచుతారు. కింద దుప్పట్లు ఉతికేవాడి మొహం ఏ టూరిస్టూ చూడడు, వాడికి టిప్పెవరిస్తారు? అందుకే ఆ పెట్టె. ఈ నియమం కోసం అందరికంటే గట్టిగా అరిచేవాణ్ణి నేనే. చేతిలో పెట్టించుకుని దాచుకున్న ఒకణ్ణి కోమ్ ఒంబో రేవులో సంచీతో సహా దింపేశారు, దింపమన్నది కూడా నేనే.

ఆ సీజనులోనే ఇహాబ్ అనే కుర్ర క్లర్కు రిసెప్షన్‌లో చేరాడు. హోటల్ చదువు చదివాడు, మెడలో టై, నోటినిండా కొత్త పద్ధతులు. చేతికి టిప్పు అందిన ప్రతివాడూ ఒక చీటీ రాసి పెట్టెలో వెయ్యాలన్నాడు. ఎవరిచ్చారు, ఎంత, దేనికి. ఆ చీటీలు చూసి వాడు అందమైన కార్డుల మీద కృతజ్ఞతలు రాసి, నాలుగో రోజు గదులకు పంపుతాడట.

"దీనివల్ల ఏంటిరా లాభం?" అని అడిగాను.

"గెస్టు మనసులో మనం ఉండిపోతాం దర్దీరీ అన్నా. యూరప్‌లో ఇదే పద్ధతి," అన్నాడు.

యూరప్ వాడెవడూ తాంతాలో పుట్టలేదు కదా. అది నాకు అప్పుడు తోచలేదు.

ఆ కుటుంబానికి పెద్ద, హగ్గా ఇన్సాఫ్. హజ్ యాత్ర చేసొచ్చిన ఆడవాళ్ళను మేం హగ్గా అంటాం. డెబ్బై ఆరేళ్ళుంటాయి. పొట్టి మనిషి, నల్ల గౌను, తెల్ల ముసుగు, చేతికర్ర. మొదటి రోజు భోజనం గంట కొట్టకముందే ఒక్కతే హాల్లోకి వచ్చింది.

"ఇక్కడ మెత్ర్ ఎవరు నాయనా?"

వడ్డించేవాళ్ళకు పెద్దను మా దగ్గర మెత్ర్ అంటారు. "నేనేనమ్మా, చెప్పండి," అన్నాను.

చేతిరుమాలు ముడి విప్పి వంద పౌన్ల నోటు తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే మూసింది. "మేం పదకొండుమందిమి. ఒకటే టేబుల్ వెయ్యి. నా కొడుకులిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టు. నాలుగేళ్ళయింది నాయనా, ఇద్దరూ మాట్లాడుకుని. వాళ్ళ నాన్న పోయినప్పుడు సంతాపం పందిట్లో ఆఖరిసారి కలిసి తిన్నారు. నా గాజులు నాలుగుంటే రెండమ్మి ఈ ప్రయాణం పెట్టుకున్నాను. పడవైతే ఎక్కడికీ లేచిపోలేరు కదా అని."

"నా తల మీద పెట్టుకుని చేస్తానమ్మా," అన్నాను. మాటంటే మాటే అనుకున్నాను.

అయిదు నిమిషాలు కాలేదు. పెద్దకొడుకు షౌకీ వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, బొజ్జ, చేతిలో జపమాల. సలాడ్ల దగ్గర నన్ను పట్టుకుని, రెండు వందలు నా కోటు జేబులో దోపాడు.

"మెత్ర్, ఒక్క మాట. నా తమ్ముడని ఒకడు వస్తాడు, నీలం చొక్కా. వాడు నాకు ఎదురుగా గానీ పక్కన గానీ ఉండకూడదు. వాడి మొహం చూస్తే నాకు అన్నం దిగదు."

"ఏమైంది బాబూ?"

"ఏమైందా? మా నాన్న మిఠాయి కొట్టు బోర్డు మీద నా పేరు రాయించుకున్నాను. నడిపేది నేను, నా పేరు కాక ఎవరి పేరుంటుంది? వాడు ఎదురుగుండా ఇంకో కొట్టు పెట్టి 'అసలైనది ఇదే' అని బోర్డు కట్టాడు! అసలైనదట! శనగలు వేయించడం కూడా రాదు వెధవకి."

నేను నోరు తెరిచి ఏదో అనబోయేలోపే వెళ్ళిపోయాడు. వాడి వెనకే నీలం చొక్కా. తమ్ముడు రవూఫ్. సన్నగా, చురుగ్గా ఉన్నాడు. మూడు వందలు. చేతిలో కాదు, జేబులో కాదు, ఏకంగా నా ట్రే మీదే పెట్టాడు.

"మెత్ర్, నీకు దణ్ణం పెడతాను. మా అమ్మ ఏం చెప్పినా తలూపు. కానీ ఆ మహానుభావుడి దగ్గర మాత్రం నన్ను వెయ్యకు. బోర్డు మీద నాన్న పేరు చెరిపేసినవాడితో కలిసి రొట్టె విరవను నేను."

ట్రే పట్టుకుని కొయ్యబారిపోయాను. పంతొమ్మిదేళ్ళలో కిటికీ కోసం టిప్పు ఇచ్చారు, ఎక్కువ మాంసం కోసం ఇచ్చారు, పక్క టేబుల్ పిల్లాణ్ణి అదిలించమని ఇచ్చారు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు ఒకరి పక్కన ఒకరు కూర్చోకుండా ఉండడానికి డబ్బివ్వడం మాత్రం అదే మొదటిసారి చూడడం. అదీ ఆవిడ గాజులమ్మి కొన్న టికెట్టు మీద వచ్చి! వెనక్కి ఇచ్చేద్దామంటే అలా చెయ్యకూడదు, గెస్టును అవమానించినట్టవుతుంది. తీసుకుంటే అడకత్తెరలో పోకచెక్క అయ్యేది నేను.

ఆ క్షణాన నాకు తోచిన తెలివి ఏమిటంటే, హాలు మధ్యలో పెద్ద స్తంభం ఉంది, దాని చుట్టూ తొమ్మిదో నంబరు టేబుల్‌ను ఇంగ్లీషు ఎల్ అక్షరంలా మూల తిప్పి వేశాను. ఒకవైపు షౌకీ, భార్య, ముగ్గురు పిల్లలు. ఇంకోవైపు రవూఫ్, భార్య, ముగ్గురు పిల్లలు. మూలలో హగ్గా. లెక్కకి టేబుల్ ఒకటే. స్తంభం అడ్డం కాబట్టి అన్నదమ్ములకు ఒకరి మొహం ఒకరికి కనిపించదు. పామూ చావలేదు, కర్రా విరగలేదు అని నా భుజం నేనే తట్టుకున్నాను. సిగ్గులేనివాణ్ణి.

హగ్గా వచ్చి ఆ మూల చూసింది, స్తంభం చూసింది, నన్ను చూసింది.

"పక్కపక్కన అన్నాను కదా నాయనా."

"హాలు ఇరుకమ్మా, మరోలా పట్టదు," అని పచ్చి అబద్ధం ఆడాను.

కర్ర స్తంభానికి ఆనించింది. కూర్చుంది. మూడు రోజులు అలాగే జరిగింది. ఆవిడ కుడివైపు తిరిగి "షౌకీ, ఆకుకూర పులుసు బాగుందిరా, వేసుకో" అనేది. ఎడమకు తిరిగి "రవూఫ్, నీకు పావురం మాంసం ఇష్టం కదా" అనేది. అటు తిరిగితే ఇటువాడికి కోపం, ఇటు తిరిగితే అటువాడికి. పిల్లలు మాత్రం రెండో రోజుకే స్తంభం చుట్టూ దాగుడుమూతలు మొదలెట్టారు. వాళ్ళను ఎవరు ఆపగలరు? తండ్రులు ఉప్పు కావాలన్నా పిల్లల చేత అడిగించుకునేవారు. "మీ నాన్నని అడిగి ఉప్పు పట్రా" అని షౌకీ తమ్ముడి కూతురితో అన్నాడు ఒకసారి, తమ్ముడు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండి. నాకు ఆ ఉప్పు గిన్నె ఇద్దరి నెత్తినా బోర్లించాలనిపించింది.

ఆ కోపంలోనే చీటీలు రాశాను. మామూలుగా ఇలాంటివాటికి "మంచి సేవకు" అని రాసి ఊరుకుంటాం. నేను ఊరుకోలేదు. మూడు చీటీల మీదా ఉన్నదున్నట్టు రాశాను. ఇహాబ్ చదివి నవ్వుకుంటాడు, ఈ లోకం ఎలాంటిదో ఆ టై కట్టుకున్నవాడికి తెలుస్తుంది అనుకున్నాను. రాసి పెట్టెలో వేసి మర్చిపోయాను.

నాలుగో రోజు అస్వాన్‌లో ఆగి ఉన్నాం. సాయంత్రం ఇంకా ఎండ ఉంది. ఆ రాత్రి భోజనానికి అందరూ పొడుగు జుబ్బాల్లో రావాలి, ఆఖరి విందు కదా. నేను రుమాళ్ళు మడుస్తున్నాను. చేతికర్ర చప్పుడైంది. హగ్గా ఇన్సాఫ్ వచ్చి నా ముందు మూడు కార్డులు పేర్చింది, పేకముక్కలు పరిచినట్టు.

"ఇవి నా గదికి వచ్చాయి," అంది.

చూశాను. గులాబీ రంగు అట్ట, అంచుకు బంగారు గీత, ఇహాబ్ చక్కటి చేతిరాత.

"శ్రీమతి ఇన్సాఫ్ గారూ, మీ కుమారులను పక్కపక్కన కూర్చోబెట్టే సేవకు మీరిచ్చిన వంద పౌన్లకు మా సిబ్బంది కృతజ్ఞతలు."

"శ్రీ షౌకీ గారూ, మీ తమ్ముని మీకు కనపడకుండా కూర్చోబెట్టే సేవకు మీరిచ్చిన రెండు వందల పౌన్లకు మా సిబ్బంది కృతజ్ఞతలు."

"శ్రీ రవూఫ్ గారూ, మీ అన్న దగ్గర మిమ్మల్ని కూర్చోబెట్టకుండా ఉండే సేవకు..."

మూడోది పూర్తిగా చదవలేకపోయాను. టికెట్లన్నీ హగ్గా పేరునే ఉన్నాయి, నాలుగు గదులకూ లిస్టులో ఆవిడ పేరే. వాడు మూడూ ఒకే కవరులో పెట్టి ఆవిడకు పంపేశాడు. ఆ నవ్వుకోవాల్సినవాడు నవ్వుకోలేదు, పైగా ఒక్క అక్షరం మార్చకుండా అచ్చు దించాడు. వాణ్ణి ఏమని తిట్టను? రాసింది నేను.

"అమ్మా..." అన్నాను.

"హాలు ఇరుకన్నావు," అంది. గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపింది. "నేనూ నమ్మాను. మూడు రోజులు ఆ స్తంభాన్ని తిట్టుకున్నాను నాయనా. ఎవడు కట్టాడో వాడి చేతులు విరగ, అడ్డంగా కట్టాడు అని. స్తంభం కాదన్నమాట."

"తప్పయిపోయిందమ్మా. క్షమించండి."

"నువ్వేం చేశావు? డబ్బిచ్చారు, చేశావు. నేనే తక్కువిచ్చాను. వందిచ్చి, వాళ్ళ అయిదు వందల మీద గెలుద్దామనుకున్నాను." కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిరుమాలు ముడి విప్పింది. అందులో ఒకే ఒక్క అయిదు వందల నోటు ఉంది. టేబుల్ మీద పెట్టింది. "ఇవాళ నాకు వేరే టేబుల్ వెయ్యి. ఒంటరిది. కుర్చీ ఒక్కటే ఉండాలి. నా కొడుకులు ఇద్దరిలో ఎవడూ నా దగ్గర కూర్చోకూడదు."

"ఇది నేను తీసుకోలేనమ్మా!"

"వాళ్ళ దగ్గర తీసుకున్నావుగా? నా దగ్గర తీసుకోవడానికేం? పెట్టెలో వెయ్యి. చీటీ కూడా రాయి, దేనికో సరిగ్గా రాయి."

రాశాను. ఆవిడ పక్కన నిలబడి ప్రతి అక్షరం చూసింది.

ఆవిడ వెళ్ళాక నేను రెండు పనులు చేశాను. వంటింటి తలుపుకు ఎదురుగా చిన్న టేబుల్ వేసి ఒకటే కుర్చీ పెట్టాను. తొమ్మిదో టేబుల్‌ను స్తంభం దగ్గర నుంచి లాగి, ఏ అడ్డమూ లేని చోట తిన్నగా వేశాను. దానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. టేబుల్ ఎందుకు మార్చావని మేనేజరు అడిగితే పని మానేసి పోదామని కూడా అనుకున్నాను.

ఏడున్నరకు జుబ్బాలు దిగాయి. షౌకీది బంగారు అల్లిక, రవూఫ్‌ది ముదురు ఆకుపచ్చ. పిల్లలు తలపాగాలు జారిపోతుంటే పట్టుకుని వస్తున్నారు. తిన్నగా ఉన్న టేబుల్ చూసి అన్నదమ్ములిద్దరూ తలుపు దగ్గరే ఆగిపోయారు. నన్ను వెతికాయి వాళ్ళ కళ్ళు. ఆ తర్వాత అమ్మను వెతికాయి.

అమ్మ మూలన, ఒక్కతే, పప్పు సూప్ తాగుతోంది.

షౌకీ ముందు వచ్చాడు. "ఇదేంటమ్మా, ఇక్కడ కూర్చున్నావు? ఒంట్లో బాలేదా? రా, మన టేబులుకి రా."

"రాను నాయనా. డబ్బు కట్టాను."

"దేనికి కట్టావు?"

"నీ పక్కన కూర్చోకుండా ఉండడానికి. నువ్వు కట్టలేదూ?"

ఈలోగా రవూఫ్ కూడా వచ్చాడు, అన్నకు రెండడుగుల అవతల నిలబడ్డాడు. హగ్గా సూప్ గిన్నె పక్కకు జరిపి కార్డులు చెరొకటి ఇచ్చింది. తమ్ముడిది అన్నకూ, అన్నది తమ్ముడికీ. కావాలనే ఇచ్చిందో, కళ్ళజోడు లేక అలా ఇచ్చిందో నాకు తెలియదు.

ఇద్దరూ చదివారు. షౌకీ చెవులు ఎర్రబడ్డాయి. రవూఫ్ కార్డును తిప్పి వెనక కూడా చూశాడు, అక్కడ ఇంకేమైనా మంచి మాట ఉందేమోనని కాబోలు. హాల్లో డప్పులవాళ్ళు మొదలెట్టారు, పిల్లలు కేకలేస్తున్నారు. నేను ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాను.

షౌకీ కార్డు మీద నుంచి తల ఎత్తాడు. నాలుగేళ్ళ తర్వాత తమ్ముడి మొహంలోకి చూసి అన్న మొదటి మాట ఇది.

"మూడొందలిచ్చావా?"

"నువ్వు రెండొందలకే చేయించుకున్నావా?" అన్నాడు రవూఫ్.

"అడిగితే నూట యాభైకి చేసేవాడు. నువ్వెప్పుడు బేరమాడావు కనక? నాన్న ఏమనేవాడు? పంచదారకి రవూఫ్‌ని పంపకండి, అడిగినంతా ఇచ్చేసి..."

"అడిగినంతా ఇచ్చేసి, పైన టీ కూడా తాగించి వస్తాడు," అని తమ్ముడు పూర్తి చేశాడు. పూర్తి చేశాక ఏం మాట్లాడాడో తెలిసినట్టుంది, నోరు మూసుకున్నాడు.

నా చెవులను నేను నమ్మలేకపోయాను. తల్లి నాలుగేళ్ళు ఏడ్చింది, గాజులమ్మింది, పడవెక్కించింది. వాటికి వేటికీ పలకనివాళ్ళు, ఒకరినొకరు దూరంగా పెట్టడానికి ఎంతయిందో ఆ బేరం దగ్గర పలికారు! నవ్వాలో ఛీ అనాలో తెలియలేదు. అప్పుడు షౌకీ కళ్ళలో నీళ్ళు చూశాను. పెద్ద బొజ్జ మనిషి, బంగారు జుబ్బా, చిన్నపిల్లాడిలా చేతి వెనకతో ముక్కు తుడుచుకున్నాడు.

"అమ్మా, తప్పయింది. రా, వచ్చి మధ్యలో కూర్చో," అన్నాడు.

"రామ్మా," అన్నాడు రవూఫ్ కూడా.

"నేను రాను. మీరు వెళ్ళండి. ఇద్దరూ ఒకవైపే కూర్చోండి, పక్కపక్కన. మధ్యలో పెళ్ళాన్ని గానీ పిల్లని గానీ కూర్చోబెట్టారో, రేపు తాంతాకి నేను వేరే రైల్లో పోతాను."

"అమ్మా..."

"సూప్ చల్లారిపోతోంది. వెళ్ళండి."

వెళ్ళారు. పక్కపక్కన కూర్చున్నారు. పెళ్ళి ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. తోడికోడళ్ళు ఒకరినొకరు చూసుకుని నోళ్ళు నొక్కుకున్నారు. తర్వాత షౌకీ రొట్టెల బుట్ట తమ్ముడి వైపు జరిపాడు. రవూఫ్ ఒకటి తీసి, విరిచి, సగం తన పళ్ళెంలో పెట్టుకున్నాడు. రెండో సగం చేతిలోనే ఉంచుకున్నాడు, ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నట్టు. చివరికి అన్న పళ్ళెంలో పెట్టాడు.

హగ్గా దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఇప్పుడైనా అక్కడికి రండి. మీ కోసమే కదా ఇదంతా. కుర్చీ నేను మోసుకొస్తాను," అన్నాను.

ఆవిడ వాళ్ళ మీద నుంచి చూపు తిప్పలేదు. చెంచా చేతిలోనే ఉంది, తినడం మర్చిపోయింది.

"వద్దు నాయనా. మధ్యలో కూర్చుంటే ఒకడి మొహం చూడ్డానికి ఇంకొకడికి వీపు చూపించాల్సొచ్చేది. ఇక్కణ్ణుంచి ఇద్దరూ ఒకేసారి కనిపిస్తున్నారు. నువ్వు కాస్త పక్కకి జరుగు, అడ్డంగా ఉన్నావు."